ముద్ర ఎంతవరకు చెబుతుంది?



ఈ ఎండల్లో బెజవాడలో చలికోటు మీద ఉపన్యాసమేమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ కొండపల్లి కోట ఎక్కడంతో మొదలుపెట్టిన మన పిల్లలు హిమాలయాల దాకా వెళ్తున్నారు. 2014లో పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కాక అది మనవాళ్లకు అందని సంగతి కాకుండా పోయింది. వాళ్లు కొనే బట్టల మీద ‘సేంద్రియ పత్తి’, ‘రీసైకిల్డ్’, ‘పర్యావరణ హితం’ అని ముద్రలుంటాయి. వీటిలో దేన్ని నమ్మాలో చెప్పమన్నారు నిర్వాహకులు. ఏ ముద్రయినా దాన్ని ఏ ప్రశ్న కోసం పుట్టించారో ఆ ప్రశ్నకే జవాబిస్తుంది. మిగతావి మనమే అడగాలి.

దూరం పోనక్కర్లేదు, బందరు పక్కన పెడన కలంకారీనే చూడండి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన నీళ్లతో నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట రంగునిచ్చే వేర్లతో ఉడికిస్తే ఎరుపు తేలుతుంది. అచ్చులన్నీ చెక్కవి. ఉతకడానికి పారే నీళ్లు కావాలి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, రసాయన రంగులతో స్క్రీన్ ప్రింటు కొట్టి కలంకారీ అని అమ్మేవాళ్లను నిలదీయొచ్చు. మంచిదే. కానీ అద్దకం పనివాడి కూలెంత, ఉతికిన నీళ్లు ఎటు పోయాయి అన్నవి ఆ గుర్తింపు పరిధిలోకి రావు.

ఇక కొండలెక్కేవాళ్లు తెగ మెచ్చుకునే అమెరికా కంపెనీ పటగోనియా. 1996లో తన పత్తి బట్టలన్నిటినీ సేంద్రియ పత్తికి మార్చింది. అయితే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలను దాటి, గుడ్డ తయారయ్యే మిల్లుల దాకా 2011లో తనిఖీకి వెళ్తే తైవాన్‌లో వేరే కథ బయటపడింది. ఆ మిల్లుల్లో పనికి పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్లు దళారులకు పెద్ద మొత్తాలు కట్టి అప్పుల్లో కూరుకుపోయారు. సేంద్రియ పత్తి ముద్రకు ఈ అప్పులు ఎలా కనిపిస్తాయి? కంపెనీ 2014లో వలస కార్మికుల కోసం నియమాలు పెట్టింది, 2015లో విషయం బయటికి చెప్పింది. ఆలస్యమే, అయినా చెప్పింది. తన సరఫరాదారుల్లో ఏ లోపమూ లేదనే కంపెనీ మీదే నాకు అనుమానం ఎక్కువ.

ముద్రే దొంగదైతే? 2020లో గాట్స్ అనే అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణ సంస్థ, మన దేశంలో 20,000 టన్నుల పత్తిని నకిలీ పత్రాలతో సేంద్రియమని చూపించారని పట్టుకుంది. ప్రభుత్వ వెబ్‌సైటుకు నకలు తయారుచేసి, స్కాన్ చేస్తే అక్కడికే వెళ్లేలా పత్రాలు ముద్రించారు. పదకొండు కంపెనీల మీద వేటు పడింది. మందు కొట్టకుండా, దిగుబడి తగ్గినా ఓర్చుకుని నిజంగా సేంద్రియ పత్తి పండించే రైతుకు దక్కాల్సిన అదనపు ధరకు ఇలాంటి మోసమే గండికొడుతుంది. గుంటూరు వైపు పత్తి రైతులకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో ముద్ర ‘రీసైకిల్డ్’. సీసాలు కరిగించి చేసిన నూలు కూడా ప్లాస్టిక్కే. పటగోనియా డబ్బిచ్చి చేయించిన అధ్యయనం 2016లో వచ్చింది. సింథటిక్ కోటు ఒక్కసారి ఉతికితే సగటున 1.7 గ్రాముల పోగులు రాలతాయని అందులో తేలింది. మన ఊళ్లో అవి కాలువ దాకా వెళ్లడానికి ఎంతో దూరం లేదు. కాబట్టి ఊరికే మాటిమాటికీ ఉతక్కండి, జిప్పు పోతే దర్జీ దగ్గరికి తీసుకెళ్లండి.

కొనే ముందు ఆ కంపెనీ కుట్టు ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు బయటపెట్టిందో లేదో చూడండి. నేత, రంగుల మిల్లులవి కూడా పెట్టి ఉంటే ఇంకా నయం. ఆ తర్వాత, అక్కడ పనిచేసేవాళ్లకు కుటుంబం గడిచేంత జీతం వస్తోందా అని అడగండి. పటగోనియా తన ఫ్యాక్టరీలన్నింటిలోనూ అది వస్తోందని ఇంకా చెప్పలేకపోతోంది. మన ఊరి బట్టల కొట్టువాళ్లనూ ఇదే అడగండి, మొహమాటపడకండి.

పెడన నుంచి అద్దకం పనివాళ్లు ఇద్దరు ముందు వరుసలో ఉన్నారు. కూలి సంగతి నాకన్నా వాళ్లే బాగా చెబుతారు. మైకు వాళ్లకిస్తున్నాను.