కాలు ఈడ్చేవారికి కరెంటు సాయం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, వైద్యుణ్ణి కాను. చదివి తెలుసుకున్నది మనవి చేస్తాను.

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బు సాధారణంగా 20 - 40 ఏళ్ళ మధ్య, అందులోనూ స్త్రీలకు ఎక్కువగా మొదలవుతుంది. కూతురికో కోడలికో వస్తే ఆసుపత్రికి తోడు వెళ్ళేదీ, ఖర్చుకు బ్యాంకు పాసుపుస్తకం తీసేదీ చాలా ఇళ్ళలో మనమే.

ఈ జబ్బులో మెదడు, వెన్నుపాములలోని నరాల పైతొడుగు దెబ్బతింటుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే పై కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది, కింద సిబ్బంది సిద్ధంగానే ఉన్నారు, దారిలో తపాలా ఆగిపోయింది. అడుగు వేసేటప్పుడు పాదం పైకి లేవదు. గడప తగిలి పడిపోతారు.

దీనికొక చిన్న పరికరం ఉంది. మోకాలి కింద బయటివైపు చర్మం మీద రెండు పట్టీలు అంటిస్తారు. బూటులో మడమ కింద స్విచ్చి పెడతారు. మడమ లేవగానే స్వల్పమైన కరెంటు నరాన్ని తట్టి పాదాన్ని ఎత్తిస్తుంది. మడమ నేలకానగానే ఆగుతుంది. కోతా లేదు, సూదీ లేదు. కాస్త చిమచిమ మాత్రం ఉంటుంది. 1961లో అమెరికాలో లిబర్సన్ బృందం పక్షవాత రోగులకు ఈ పద్ధతి వాడింది. నడక మెరుగుదలకు దీనిని వాడవచ్చునని 2009లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ చెప్పింది. నాలుక మీద పెట్టుకునే మరో పరికరాన్ని 2021లో అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతించింది; అదీ వ్యాధి తీవ్రం కానివారికి, వ్యాయామంతో కలిపి మాత్రమే.

అసలు మాట ఇక్కడ ఉంది. ఇవి సాయమే గాని మందు కాదు. కాలి పట్టీ తీసేస్తే చాలామందికి పాదం మళ్ళీ వాలిపోతుంది. "కరెంటు పెట్టి జబ్బు తగ్గిస్తాం" అన్నవారికి గ్రాట్యుటీ సొమ్ము ధారపోయకండి. ముందు న్యూరాలజిస్టును అడగండి. ఫిజియోథెరపిస్టు ఎదుట పరికరంతో ఒకసారి, లేకుండా ఒకసారి అదే దూరం నడిపించి గడియారం చూడండి. అది పనికొస్తే తేడా చాలామందిలో అక్కడే తెలుస్తుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నా, మూర్ఛలున్నా ముందే చెప్పండి.

ఇంకొక సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు స్పష్టంగా ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్టు వస్తే చట్టం ఇచ్చే ప్రత్యేక సదుపాయాలకు అర్హత ఉంటుంది. బిడ్డ జబ్బు బయటికి చెప్పడానికి సంకోచించి ఆ కాగితం పోగొట్టుకోవద్దని మనవి.