పాచి ఏరే ఆడవాళ్ళు

వల వెయ్యకుండా సముద్రం మీద బతికే ఆడవాళ్ళ గురించి చెప్తాను.

తమిళనాడులో రామేశ్వరం, పాంబన్ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి మునిగి, రాళ్ళని పట్టుకున్న ఎర్ర పాచి కోసుకొస్తారు. చేతులు కోసుకుపోకుండా వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుంటారు. దాన్ని మరికొళుందు పాసి అంటారు. మరికొళుందు అంటే మన దవనమే! ఆ పాచిని ఉడికిస్తే అగర్ వస్తుంది. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల్ని పెంచేది దానిమీదే. ఈ ఉపాయం 1881లో చెప్పింది ఫానీ హెస్సే అనే గృహిణి. వంటింట్లో అగర్ జెల్లీ ఎండాకాలంలోనూ కరగదని ఆమెకు తెలుసు. 1882లో రాబర్ట్ కాక్ తన క్షయ పరిశోధనలో అగర్‌ని ప్రస్తావించాడు, ఆమెను ప్రస్తావించలేదు.

1986లో అక్కడి 21 దీవుల్ని జాతీయ పార్కు చేశారు. అమ్మమ్మల నాటినుంచీ దిగిన నీళ్ళలో దిగితే నేరమైంది. పగడపు దిబ్బల్ని కాపాడొద్దని నేననను. కానీ పాచి అయిపోతే ముందు పస్తుండేది వీళ్ళే. అందుకే నెలకి 12 రోజులే వెళ్ళాలని తమకు తామే కట్టడి పెట్టుకున్నారు. వాళ్ళ నాయకురాలు లక్ష్మీమూర్తికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. సంతోషమే. అయితే దీవుల చుట్టూ హద్దులు నిర్ణయించే సమావేశాల్లో వీళ్ళకి కుర్చీ వెయ్యాలి, మత్స్యకారుల గుర్తింపు వీళ్ళ పేరు మీదే ఇవ్వాలి. మొగుడి పేరు మీద కాదు.