మన షాదీఖానాకు రెండో దారి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాశిబుగ్గలో మనకంటూ ఒక షాదీఖానా ఉండాలన్నది అందరి కోరిక. పెండ్లిళ్ళకే గాక పిల్లల చదువులకు, ఆటపాటలకు, ఆపదలో తలదాచుకోవడానికి కూడా అది పనికి రావాలి. నక్షా మీద చర్చ మొదలైంది గనుక నాలుగు మాటలు మనవి చేస్తాము.

మన పేటకున్న పేరే శ్రీకాకుళం జిల్లాలో మరో ఊరికీ ఉంది. 2025 నవంబరు 1న, ఏకాదశి నాడు, ఆ కాశీబుగ్గలోని వేంకటేశ్వర ఆలయంలో తొక్కిసలాట జరిగి 9 మంది మరణించారు. దాదాపు అందరూ స్త్రీలే. పోయేవారికీ వచ్చేవారికీ ఇరుకైన మెట్లదారి ఒక్కటే అయింది. అదే ఏడు మే 18న హైదరాబాదు గుల్జార్‌హౌజ్‌లో మంటలు లేచి 17 మంది పోయారు. కింద దుకాణాలు, పైన కాపురం, బయటపడడానికి ఒక్క సన్నని దారి. తావు వేరు, మనుషులు వేరు. కారణం మాత్రం ఒకటే.

ఇక మన సంగతి చూసుకుందాం. మన శుభకార్యాల్లో ఆడవాళ్ళకు పైఅంతస్తు ఇస్తాము. చంటిపిల్లలు, ముసలమ్మలు అక్కడే ఉంటారు. దిగడానికి మెట్లు ఒక్కటే, వాటి కిందనే కుర్చీలు, షామియానా గుడ్డలు! కింద నిప్పంటుకుంటే పొగ ముందు పోయేది ఆ మెట్ల మీదుగానే. మంటల కంటే పొగే త్వరగా ప్రాణం తీస్తుంది. కాబట్టి ఆడవాళ్ళ హాలు కిందనే ఉంచాలి. వీలుకాకపోతే ఎదురెదురు వైపుల రెండు మెట్లదారులు పెట్టాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, కార్యం నడిచేటప్పుడు ఏ తలుపుకూ తాళం ఉండరాదు.

పక్క సందు వైపు మడిగెలు కడితే ఆ కిరాయితో పేదపిల్లల ఫీజులు కట్టవచ్చని కొందరు పెద్దలు అంటున్నారు. అది మంచి మనసుతో అన్న మాట, తేలికగా తీసెయ్యలేము. కానీ ఆ మడిగెలు లేస్తే మన రెండో దారి మూసుకుపోతుంది. ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో అదనపు సీట్ల కోసం బాల్కనీలో ఒకవైపు దారి మూశారు. 1997 జూన్ 13న అక్కడ 59 మంది చనిపోయారు. రాబడి కోసం మూసిన దారి ఎంత ఖరీదైనదో ఇంతకంటే చెప్పనక్కర లేదు. మడిగెలు రోడ్డు వైపు రెండు చాలు, సందు ఖాళీగా ఉండనిద్దాం.

వంటశాల, గ్యాస్ సిలిండర్లు, జనరేటరు హాలుకు దూరంగా విడిగా ఉండాలి. ఫైరింజను లోపలికి వచ్చేంత గేటు కావాలి. 2023 జులై వానలకు వరంగల్‌లో లోతట్టు కాలనీలు మునిగిన సంగతి మరిచిపోలేదు గదా! పునాది రోడ్డు కంటే బాగా ఎత్తుగా లేపి, వృద్ధులకు ర్యాంపు పెడితే అలాంటి రోజు ఇరుగుపొరుగు వారందరికీ అదే ఆసరా.

అందం వద్దని మేము అనడం లేదు. మన కోటలోని ఖుష్ మహల్ చూడండి. పెద్ద కమానులు, విశాలమైన హాలు, అదే దాని అందం. ముందు గోడ నగిషీకి పెట్టే పైసలు రెండో మెట్లదారికి పెడదాం.

నక్షా ఖాయం చేసే ముందు దాన్ని ఫైర్ ఆఫీసు వారికి, అంతకంటే ముందు మన ఇంటి ఆడవాళ్ళకు చూపించవలసిందిగా సభ్యులందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.