మాడిన ఉలవ గింజ

వ్యవసాయ శాస్త్రంలో పట్టాలు అందుకున్న మీకు నా అభినందనలు.

నేను పనిచేసేదీ పంటలతోనే. కాకపోతే అవి కోతకొచ్చి మూడు నాలుగు వేల ఏళ్లయింది. పురావస్తు తవ్వకాల్లో దొరికే గింజలేమిటో తేల్చడం నా వృత్తి.

గింజ అన్నేళ్లు ఎలా నిలుస్తుందని చాలామంది అడుగుతారు. మామూలు గింజ నిలవదు. పురుగు, బూజు, తేమ దాన్ని బతకనివ్వవు. పొయ్యి దగ్గర జారిపడి, బూడిద కాకుండా మాడి బొగ్గయిన గింజ మాత్రం మిగులుతుంది, ఎందుకంటే బొగ్గును సూక్ష్మజీవులు తినలేవు. తవ్వితీసిన మట్టిని బకెట్ నీళ్లలో పోసి మెల్లగా కలిపితే మట్టి అడుక్కి దిగి, మాడిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్నటి జల్లెడలోకి వంపి, నీడన ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెడతాం. ఉలవ చదునుగా ఉంటుంది కనుక త్వరగానే దొరికిపోతుంది. పెసరకీ మినుముకీ తేడా పట్టడమే కష్టం. బద్ద విడిపోయి ఉంటే లోపల మొలక ముద్ర ఎంత పొడవుందో కొలిచి చెబుతాం.

దక్షిణాది సేద్యం ఎలా మొదలైందో ఈ గింజలే చెప్పాయి. బళ్లారి దగ్గరి సంగనకల్లు, కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి కొత్తరాతియుగపు ఊళ్ల మట్టిని పరిశోధకులు డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. పదే పదే కనబడినవి నాలుగు: ఉలవలు, పెసలు, అండు కొర్రలు, కొర్ర జాతికి చెందిన ఒక చిరుగింజ. నాలుగూ వానకు పండేవే, నాలుగింటి అడవి బంధువులూ ఈ దేశంలో ఉన్నవే. గోధుమ, బార్లీ కూడా కొన్నిచోట్ల దొరికాయి. అవి వాయవ్యం నుంచి నడిచొచ్చిన చలికాలపు పంటలు. ఇక్కడి రైతు వాటికోసం ఎదురుచూడలేదు. తన మెట్టనేలలో, తన వానతో, తనకు తెలిసిన గింజలతోనే సేద్యం నిలబెట్టుకున్నాడు. మీరు చదివిన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఇంకా తగినంత చోటు లేదని నా బాధ.

ఉలవ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. అడవి ఉలవకు పైతోలు మందం. ఆ తోలు నీటిని లోపలికి రానివ్వదు, గింజ నేలలోనే నిద్రపోతుంది. అన్నీ ఒకే వానకు మొలిచి ఒకే బెట్టకు చావకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. మనిషి విత్తడం మొదలుపెట్టాక లెక్క మారింది. విత్తగానే మొలిచిన మొక్కే కోతకు అందింది, దాని గింజే మళ్లీ విత్తనమైంది. పల్చటి తోలున్నవి ఏటేటా పెరుగుతూ వచ్చాయి. 2017లో చార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ క్రీ.పూ. 2000 నుంచి క్రీ.శ. 1200 వరకు వేర్వేరు కాలాల ఉలవలను పగలగొట్టకుండా, శక్తిమంతమైన ఎక్స్‌రేలతో లోపలిదాకా చూశారు. మొదటి కాలపు గింజల్లో మందపు తోలువీ పల్చటి తోలువీ కలిసే ఉన్నాయి. పల్చటి తోలు పూర్తిగా స్థిరపడేసరికి క్రీస్తుశకం తొలి శతాబ్దాలు వచ్చేశాయి. దాదాపు రెండు వేల ఏళ్లు! పేరు తెలియని ఎన్నో తరాల రైతులు చేసిన పని అది. దాన్ని నేను శాస్త్రమనే అంటాను.

ఇక బయటి నుంచి వచ్చిన పంటల మాట. జొన్న సూడాన్ ప్రాంతంలో పుట్టింది, సజ్జ పడమటి ఆఫ్రికాలో, రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లో. జొన్న, సజ్జ సముద్రం దాటి క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో ఈ దేశానికి చేరాయి. అవీ వానకాలపు పంటలే కనుక ఉలవ పక్కన, పెసర పక్కన ఇట్టే ఇమిడిపోయాయి. మిరప, వేరుశనగ మొన్న మొన్న, పోర్చుగీసువాళ్లు వచ్చాక అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. మన పంట, పరాయి పంట అని గొడవపడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. రాయలసీమనూ తెలంగాణనూ ఇన్ని తరాలు సాకిన జొన్నను పరాయిదని ఎలా అంటాం? అదే సమయంలో ఇక్కడే పుట్టిన ఉలవను పశువుల దాణాగానో, మరేదీ పండని చెలకకు చివరి పంటగానో చూడటం కూడా అన్యాయమే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. ఆ వరుసలో ఉలవ పేరు లేదు; దాని మీద పనిచేసేవాళ్లు మీలోంచి రావాలి. రైతు దగ్గర పాత రకం కనబడితే గింజ ఒక్కటే తీసుకురాకండి. ఏ నేల, ఏ నెలలో విత్తుతారు, ఇంట్లో ఎలా వండుతారు, అన్నీ రాసుకోండి.

ఇంకొక్క విన్నపం. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ, ఆనాటివాళ్లు పశువుల పేడ కుప్పపోసి మళ్లీ మళ్లీ తగలబెట్టిన చోటు. పశువుల గిట్టల ముద్రలు కూడా ఆ పొరల్లో బయటపడ్డాయి. ఇలాంటి దిబ్బలు ఎన్నో ఎరువు కోసం బళ్ల మీద చేలకు తరలిపోయాయి. రేపు మీరు వ్యవసాయాధికారులై ఆ ప్రాంతాలకు వెళ్తారు. అలాంటి దిబ్బను ఎవరైనా తవ్వుతుంటే ఆపి, పురావస్తు శాఖకు కబురు చేయండి. మీరు కూడా తవ్వకండి. ఏ పొరలోంచి వచ్చిందో తెలియని గింజ వయసు చెప్పడం మాకు సాధ్యం కాదు.