ఐదున్నర అడుగుల కొలత

దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు దారి 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదలైంది. ఆ దారి మన కడంబత్తూరు మీదుగానే పోతుంది. ముందుకు పోతే తిరువాలంగాడు, అరక్కోణం; అక్కడ చీలిన పట్టాలు తిరుత్తణి, పుత్తూరు దాటి రేణిగుంట చేరతాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఎల్లలు మారినా రైలు మాత్రం ఆ పక్క తెలుగువాళ్లనూ ఈ పక్క తెలుగువాళ్లనూ కలుపుతూనే ఉంది. ఇంత పాత దారి పక్కన బతుకుతున్న మనం చిన్న రైలు నమూనా చేయాలనుకున్నప్పుడు జర్మనీ రైలునో, ఇంగ్లండు రైలునో ముందు పెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. నేను చెప్పదలచింది ఒక్కటే. మన రైలును మన కొలతలతో, మన చేతులతో చేయాలి. అలా చేసినదే మన రైలు ఎలా ఉండేదో చెప్పడానికి రేపు ఆధారంగా నిలుస్తుంది.

కొలత దగ్గరే మొదలుపెడదాం. మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. ఐరోపాలో, అమెరికాలో ఎక్కువగా ఉన్నది 1435. లోకమంతా అమ్ముడయ్యే హెచ్‌ఓ కొలతలో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. పెట్టెలో వచ్చే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది వాళ్ల 1435కి సరిపోతుంది. మన పట్టాలకు 19.3 కావాలి. మూడు మిల్లీమీటర్లు కూడా లేని తేడాకు ఇంత పట్టింపు ఎందుకంటారేమో. అసలు పట్టాల మీద అది దాదాపు పావు మీటరు. ఆవిరి రోజుల్లో మెయిళ్లు లాగిన డబ్ల్యూపీ ఇంజన్‌ను గుర్తు చేసుకోండి. ముందు తూటా ముక్కు, దాని మీద నక్షత్రం, ఒక్కో వైపు మూడేసి పెద్ద చక్రాలు. ఆ చక్రం వ్యాసం ఐదడుగుల ఏడంగుళాలు. ఐదున్నర అడుగుల డ్రైవరును తీసుకుంటే మనిషి ఎత్తు, చక్రం వ్యాసం, పట్టాల వెడల్పు మూడూ ఇంచుమించు ఒకటే. 87వ వంతులో మూడూ ఇరవై మిల్లీమీటర్ల లోపే. మన ఇంజన్‌కు ఆ నిండుదనం ఈ పొందిక వల్ల వచ్చింది. దాన్నే 16.5 పట్టాల మీద నిలబెడితే మనిషి, చక్రం సరిగానే ఉంటాయి, కింద పట్టాలు మాత్రం ఇరుకైపోతాయి. ఎక్కడ తప్పో చెప్పలేనివాడికి కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

దొరికిన పట్టాలతో సర్దుకోవచ్చు కదా, ఇంగ్లండువాళ్లు సర్దుకోలేదా అని అడగవచ్చు. నిజమే. వాళ్ల డబుల్‌ఓ కొలతలో ఇంజన్ 76వ వంతు, పట్టాలు మాత్రం అదే 16.5. అయితే ఆ సర్దుబాటు నచ్చనివాళ్లు అక్కడే 18.2 మిల్లీమీటర్లకు, ఇంకా పట్టుదల ఉన్నవాళ్లు 18.83కు పట్టాలు తామే వేసుకున్నారు. ఇంకో ఉపాయం ఉంది. రైలునే 100వ వంతుకు తగ్గిస్తే 16.5 పట్టాలు మన గేజ్‌కు చాలా దగ్గరికొస్తాయి. కానీ అప్పుడు బయట కొన్న 87వ వంతు ఇంజన్లూ పెట్టెలూ మనుషులూ పనికిరావు, అన్నీ మనమే చేసుకోవాలి. ఎటు తిరిగినా చేతిపని తప్పదు. ఇక చోటు సంగతి. మన బ్రాడ్ గేజ్‌లో అత్యంత బిగువైన పది డిగ్రీల వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. 87వ వంతులో అది రెండు మీటర్లు. అద్దె ఇంట్లో అంత గుండ్రం కుదరదు. గుండ్రంగా తిప్పాలని ఎవరన్నారు? వంద మీటర్ల ఫ్లాట్‌ఫారం ముక్క 115 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. కడంబత్తూరు స్టేషన్‌లో ఒక కొస, ఒక పెట్టె, నలుగురు మనుషులు చాలు.

ఆ నలుగురు మనుషుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. విదేశీ పెట్టెల్లో దొరికే మనుషులు కోటు వేసుకుని, చేతిలో సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లకు రంగు మార్చి మనవాళ్లను చేయలేం. చీర కుచ్చిళ్లు, లుంగీ మడత, తల మీద బరువు ఉన్నప్పుడు మెడ నిలిచే తీరు రంగుతో రావు. ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్లే కావడి భక్తుణ్ణి చూడండి. భుజం మీద కావడి, దాన్ని పట్టుకున్న చేయి, వెనక్కి వాలిన నడుము. లోకల్ రైలు వెండర్ పెట్టెలోంచి బుట్ట దించుకునే అమ్మను చూడండి. సన్నటి రాగి తీగను మెలిపెట్టి ముందు ఆ భంగిమ తేవాలి, తర్వాత ఎం-సీల్ ముద్దను కొద్దికొద్దిగా అద్ది, గట్టిపడేలోగా సూదిమొనతో మడతలు గీయాలి. ఈ బుద్ధి మనకు కొత్త కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. విడిగా చెక్కడం వల్లనే తాడిచెట్టు ఎక్కేవాడు ఎక్కుతున్నట్టే ఉంటాడు. బొమ్మల కొలువులో పల్లెనూ సంతనూ అమర్చే ఇళ్లు ఈ తాలూకాల్లో ఎన్నో. ఆ నేర్పును రైలు దారి పక్కకు తేవడమే మనం చేయాల్సింది.

పెద్ద ఆక్షేపణ ఇంకొకటి ఉంది. పెరంబూరులో రైలు మ్యూజియం ఉంది, అసలు బండ్లే అక్కడ ఉన్నాయి. పైగా ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాయి. ఇక చేత్తో కష్టపడటం దేనికి? మ్యూజియం బండిని దాస్తుంది. ఆ బండి ఆగిన ఫ్లాట్‌ఫారాన్ని, దాని ముందు గుమిగూడిన జనాన్ని దాచలేదు. ప్రింటర్ మంచి పనిముట్టు, వాడుకుందాం. కానీ దానికి కొలతలు ఎవరో తీసి ఇవ్వాలి. కిటికీకి కిటికీకి మధ్య ఎడం ఎంత, అడుగున బ్యాటరీ పెట్టె ఏ పక్కన ఉంది, తలుపు పట్టీ ఎంత లోపలికి ఉంది, ఇవన్నీ ఎవరో ఒకరు వంగి చూడాలి. ఆ చూపునే నేను చేతిపని అంటున్నాను. ఇందులో తొందర కూడా ఉంది. 1955 అక్టోబర్ 2న పెరంబూరులో మొదలైన రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్, స్విట్జర్లాండ్ నమూనాతో చేసిన పెట్టెలను అరవై ఏళ్లకు పైగా దేశమంతటికీ అందించింది. 2018 జనవరితో ఆ రకం తయారీ ఆగిపోయింది. మూడు తరాలు ప్రయాణం చేసిన ఆ పెట్టెలు ఒక్కొక్కటిగా పట్టాలు దిగుతున్నాయి. ఒక్కోదాని పొడవు 21 మీటర్లకు పైమాట. 87వ వంతులో 245 మిల్లీమీటర్లు. పిల్లల పరీక్ష అట్టంత పొడవు కూడా లేదు.

కాబట్టి నా మనవి ఇది. పట్టాల మీదికి దిగకండి. అది ప్రమాదం, నేరం కూడా. మ్యూజియంలో అనుమతి అడిగి కొలవండి, ఫ్లాట్‌ఫారం మీద నిలబడి చూసి గీసుకోండి. వచ్చే నవరాత్రుల కొలువులో ఒక మెట్టు మీద ఐసీఎఫ్ పెట్టె ఒకటి, పక్కన కావడి భక్తుడు ఒకరు ఉండేలా చేయండి. బొమ్మ అడుగున అసలు కొలతలు, చూసిన స్టేషన్, చూసిన ఏడు తప్పకుండా రాయండి.