అంట్లు తోమే బూడిదలో మన చరిత్ర



పొయ్యిలోని బూడిదతో అంట్లు తోమని ఇల్లు మన అమ్మల కాలంలో అరుదు. గ్యాసు పొయ్యిలు వచ్చాక తోమే పొడి కూడా కొనుక్కోవలసి వచ్చింది. మా నంద్యాల ప్రాంతంలో అలాంటి పొడుల కోసం తవ్వి అమ్మిన బూడిద ఒకటుంది. దాని వయసు సుమారు 74,000 సంవత్సరాలంటే నమ్ముతారా?

మాది గడివేముల. చుట్టాలొస్తే మహానంది, యాగంటి చూపించి పంపడం మా వైపు ఆనవాయితీ. యాగంటికి బనగానపల్లె మీదుగా వెళతారు కదా, ఆ ప్రాంతంలోనే జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేల కింద మెత్తని బూడిద పొర, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందాన ఉంది. ఎక్కడిదంటారా? సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో సముద్రం దాటి వచ్చి పడింది!

ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్, ఇంగ్లండు నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా బృందంగా అక్కడ తవ్వకాలు జరిపి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద కింద రాతి పనిముట్లు, పైనా రాతి పనిముట్లే. రెండూ చాలావరకు ఒకే తీరువి. అంతటి ఉత్పాతాన్నీ తట్టుకుని మనుషులు అక్కడ బతికారని వారి అభిప్రాయం. ఆ మనుషులు ఎవరన్న దానిపై పండితుల్లో ఇంకా వాదముంది.

మరి బూడిద తవ్వుకుపోతే నష్టమేమిటి? బీరువాలో అడుగున అమ్మమ్మ పట్టుచీర, దానిపైన అమ్మది, ఆపైన మనది. అన్నీ లాగి కుప్పపోస్తే ఏది ఎవరిదో మన మనుమరాలికి ఎలా తెలుస్తుంది? నేలలో పొరలూ అంతే. ఒకసారి చెదిరితే మళ్ళీ పేర్చలేం.

జనవరి 26 మనకు గణతంత్ర దినం. 1949లో అదే రోజున జపానులోని హోర్యూజీ ఆలయంలో ప్రాచీన కుడ్యచిత్రాలు మంటల్లో మాడిపోయాయి. ఆ దెబ్బకు వాళ్ళు 1950లో సాంస్కృతిక సంపద రక్షణకు చట్టం చేసుకున్నారు. ఏటా ఆ రోజున గుళ్ళలో మంటలార్పే అభ్యాసాలు చేస్తారు. చేతులు కాలాక నేర్చుకున్న పాఠమది. మనం ముందే నేర్చుకోకూడదూ?

ఈసారి యాగంటి బసవన్నను చూడవస్తే, పిల్లలకు జ్వాలాపురం సంగతి కూడా చెప్పండి. వింత రాయి కనబడితే గుర్తుగా సంచిలో వేసుకోకండి. దాన్ని అక్కడే ఉండనివ్వండి. అది చెప్పవలసిన కబురు ఇంకా మిగిలే ఉంది.