వరదాంబికా దేవి



చంద్రగిరి దుర్గమనగానే మనకు రాజులును యుద్ధములును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ దుర్గమునుండి వెలువడి రాజైన యొక ప్రభువునకు ఇల్లాలైన వరదాంబికా దేవి చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. తిరుమల శాసనములందు వరదాజి అమ్మ యని కానవచ్చునది ఈమెయే.

శ్రీకృష్ణదేవరాయలు తన సోదరుడగు అచ్యుతరాయలను చంద్రగిరి కోటయందు నిర్బంధించియుంచెనని పోర్చుగీసు వాడగు న్యూనిజ్ వ్రాసియున్నాడు. 1529లో కృష్ణరాయలు గతింపగా అచ్యుతుడు ఆ కోట వెడలి ప్రభువయ్యెను. వరదాంబిక ఆయన పట్టపురాణి. సలకరాజు వంశపు ఆడపడుచు. ఆమె సోదరులగు పెద తిరుమలరాజు, చిన తిరుమలరాజు బావగారి కొలువున మిక్కిలి ప్రాబల్యము గడించిరి.

ఈ వివాహమునే వస్తువుగా గైకొని తిరుమలాంబ యను విదుషి సంస్కృతమున ‘వరదాంబికా పరిణయ చంపువు’ను రచించినది. అందొక సమాసము 195 అక్షరముల పొడవు గలది. తాళపత్రములు, ప్రాతప్రతులు భద్రపరచు తంజావూరు సరస్వతీ మహలునందు దీని ప్రతి దొరకగా, లక్ష్మణ స్వరూప్ పండితుడు లాహోరునుండి ప్రకటించెను. వరదాంబిక కుమారుడగు చినవేంకటాద్రి జననముతోను, యౌవరాజ్య పట్టాభిషేకముతోను కావ్యము శుభాంతమగుచున్నది. 1533లో రాజును, రాణియు, కుమారుడును గూడి తిరుమల స్వామిని సేవించిరి. ఆ యేడే కాంచీపురమున రాజు ముత్యములతో తులాభారము దూగెను.

కావ్యము ముగిసినచోట చరిత్ర ముగియలేదు. 1542లో అచ్యుతరాయలు గతించెను. కుమారుడు పసివాడు. మేనమామయగు చిన తిరుమలరాజు రాజ్యభారము చేపట్టెను. సోదరుని బుద్ధిని తల్లియే ముందుగా గ్రహించినది. బిడ్డను కాపాడుమని ఆమె విజాపుర సుల్తానగు ఆదిల్షాకు వర్తమానమంపెననియు, తిరుమలరాజు ధనమిచ్చి యతనిని మరలించెననియు పోర్చుగీసు చరిత్రకారుడు గాస్పర్ కొఱియా వ్రాసియున్నాడు. తుదకు మేనమామయే మేనల్లుని చంపించి సింహాసన మెక్కెను. పిదప అళియ రామరాయలు అతనిని హతమార్చి, 1543లో సదాశివరాయలకు పట్టము గట్టెను.

వరదాంబిక కాంచిలో భర్త ముత్యముల తులాభారమును గన్న 1533లోనే ఫ్రాన్సు దేశమున కేథరిన్ ద మెడిచి యను ఇటలీ కన్య రాజకుమారుని పెండ్లియాడెను. 1560లో ఆమె పదియేండ్ల కుమారుడు రాజు కాగా, ఆమెయే సంరక్షకురాలై రాజ్యమును నడపెను. ఆ తల్లి చేతికి అధికారము వచ్చినది. మన తల్లి చేతికి రాలేదు. పుట్టినింటి బంధుత్వమే ఆమె సోదరులకు నిచ్చెనయ్యెను. ఆ నిచ్చెన నెక్కినవాడే ఆమె కడుపుకోతకు కారకుడయ్యెను.

గ్రామపెద్దలారా, ఇది రాజుల కథయని త్రోసివేయకుడు. తండ్రి పోయి, పసిబిడ్డలు మిగిలిన యిండ్లు మన పల్లెలలోను కలవు. పొలము మీదికి పినతండ్రియో మేనమామయో వచ్చును. వారిలో అనేకులు ధర్మాత్ములే. కాని ధర్మాత్ముడైనను లెక్క చెప్పుట న్యాయము. చెప్పనివాని నడుగుట మీ విధి. 1956 నాటి హిందూ మైనారిటీ సంరక్షకత్వ చట్టము ప్రకారము సహజ సంరక్షకుడు సైతము న్యాయస్థానపు అనుమతి లేనిదే మైనరు స్థిరాస్తిని విక్రయింపరాదు. ఈ మాట ఆ తల్లికి తెలియజెప్పువారు ఊరిలో ఒక్కరైన నుండవలెను. ఆమె భయపడి మీ యరుగు నెక్కినచో, ‘ఇంటి గుట్టు వీధికెక్కించుట యేల’ యని పంపివేయకుడు. దగ్గరివారు వినకున్ననే కదా దూరపు సుల్తానునకు వర్తమానమంపవలసివచ్చును!

తిరుమల గుడి మహాద్వారము దాటగనే కృష్ణరాయల ప్రతిమను, ఆయన రాణులను అందరును చూతురు. అచ్చటనే అచ్యుతరాయలతో గూడ వరదాజి అమ్మ ప్రతిమయు కలదు. ఈసారి కొండకు పోయినపుడు ఆమె యెదుట ఒక్క క్షణము నిలువుడు. కావ్యము చెప్పిన పెండ్లికూతురును మాత్రమే గాక, చరిత్ర చెప్పిన తల్లిని సైతము స్మరింపుడు.

స్వస్తి.